కూటికి కొలువు – గుండెకు పాట



పోయిన వర్షాకాలంలో ఒక సాయంకాలం మా సంఘానికి చెందిన ఒక ఇంటికి కుటుంబ ప్రార్థన కొరకు వెళ్లాను. తల్లి వాకిట్లో చేట ముందు పెట్టుకొని బీడీలు చుడుతోంది. తండ్రి అప్పుడే పొలం నుండి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇంటర్ చదివే కొడుకు మాత్రం గోడవైపు తిరిగి కూర్చున్నాడు. వందనం చెప్పడానికి కూడా లేవలేదు. అతని పక్కన నడిమికి చినిగిన నోటుపుస్తకం ఒకటి పడి ఉంది.

సంగతేమిటని అడిగితే తండ్రి చెప్పాడు. "పరీక్షల తప్పిండు అయ్యగారూ. లెక్కలు జెయ్యమని పుస్తకం కొనిస్తే దాంట్ల పాటలు రాసిండు. కోపమొచ్చి నేనే చింపిన. గీ పాటలు రేపు వీనికి బువ్వ పెడ్తయా? మీరే జెప్పుండ్రి."

కొడుకు తల తిప్పకుండానే అన్నాడు. "నేను సదువు బంద్ జేస్త. హైదరాబాద్ పోయి పాటలే రాసుకుంట."

ఆ రోజు నేను ఇద్దరికీ సరియైన జవాబు చెప్పలేకపోయాను. ప్రార్థన చేసి వచ్చాను. కాని ఆ మాటలు నన్ను వదలలేదు. ఎకరం పొలం మీద ఇల్లు గడిపే తండ్రికి కొడుకు బతుకు గురించి భయం ఉండటం న్యాయమే. లోపల పాట పుట్టే పిల్లవాడికి ఆ పుస్తకం చినిగితే ప్రాణం చినిగినట్లుండటమూ న్యాయమే. ఇద్దరూ పోట్లాడుకున్నారు గాని ఇద్దరి నమ్మకం ఒకటే. పాట, కొలువు ఒక ఇంట్లో కలిసి ఉండలేవని తండ్రి అనుకుంటున్నాడు, కొడుకూ అదే అనుకుంటున్నాడు.

ఇది నిజమా? పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో పుట్టిన ఇద్దరు పాటకారులు తమ జీవితాలతోనే దీనికి జవాబు చెప్పి వెళ్లారు. వారి సంగతి మన కుటుంబాలకు తెలియజేయాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

హనుమాజీపేట రైతు బిడ్డ

వేములవాడకు దగ్గరలో హనుమాజీపేట అనే పల్లె ఉంది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టిన తర్వాత రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చింది. ఆ ఊళ్లో మల్లారెడ్డి, బుచ్చమ్మ అనే రైతు దంపతులకు 1931 జూలై 29న ఒక కొడుకు పుట్టాడు. ఆయనే తర్వాత లోకమంతా 'సినారె' అని పిలుచుకున్న డాక్టర్ సింగిరెడ్డి నారాయణరెడ్డి.

అది నిజాం పాలన. బడిలో ఉర్దూలో పాఠాలు. ఊళ్లో వీధిబడి అయ్యాక సిరిసిల్లలో, ఆ తర్వాత కరీంనగర్‌లో ఆయన చదువు ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. మరి ఇంత తెలుగు ఎక్కడ నుండి వచ్చింది? బడి కన్న ముందు ఊరు నేర్పింది. చిన్నతనంలో హరికథలు, జంగం కథలు, పల్లె జనం పాడుకునే పాటలు ఆయన చెవిన పడ్డాయి. పుస్తకంలో తెలుగు తక్కువైనా వాకిట్లో తెలుగు నిండుగా ఉండేది.

పై చదువులకు హైదరాబాదు వెళ్లి, ఉస్మానియాలో తెలుగు చదివి, కళాశాలలో అధ్యాపకుడయ్యారు. మొదట సికింద్రాబాద్‌లో, తర్వాత నిజాం కళాశాలలో, ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి ఆచార్య పదవి వరకు ఎదిగారు. 1953లో 'నవ్వని పువ్వు', 1955లో 'నాగార్జునసాగరం', 1957లో 'కర్పూర వసంతరాయలు' వెలువడ్డాయి. అంటే సినిమా పిలుపు రాక ముందే ఆయనకు ఒక ఉద్యోగం, ఒక కవిత్వం రెండూ ఉన్నాయి.

సినిమా పిలుపు ఎన్.టి. రామారావు గారి నుండి వచ్చింది. ఏదో ఒకటి రెండు పాటలైతే రాయననీ, రాస్తే సినిమాకంతా తానే రాస్తాననీ సినారె అన్నారని సినిమా చరిత్ర చెప్పేవారంతా చెబుతారు. 1962లో విడుదలైన 'గులేబకావళి కథ'తో ఆయన పాట తెలుగు నేలంతా తిరిగింది.

ఇక్కడ మన తండ్రులూ కొడుకులూ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ రోజుల్లో తెలుగు సినిమా అంతా మద్రాసులో ఉండేది. పేరు వచ్చిన రచయిత మద్రాసుకు మకాం మార్చుకోవడం సహజం. సినారె మార్చలేదు. హైదరాబాదులో పాఠం, మద్రాసులో పాట. రెండు ఊళ్ల మధ్య రాత్రంతా పోయే రైలు ప్రయాణం. ఆ పరుగులోనే ఆధునిక తెలుగు కవిత్వంలోని సంప్రదాయాలు, ప్రయోగాల మీద పెద్ద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. తెలుగు ఎం.ఏ. చదివే పిల్లలు నేటికీ ఆ గ్రంథాన్ని తిరగేస్తున్నారు.

లెక్క కొరకు చెబుతాను. ఆయన రాసిన సినిమా పాటలు మూడు వేలకు పైగా ఉంటాయి. నలభై అయిదేళ్లకు పంచితే వారానికి ఒకటి కన్న ఎక్కువే పడుతుంది. సినిమా పాట ఇష్టం వచ్చినప్పుడు రాసేది కాదు. చాలాసార్లు ముందు బాణీ కడతారు. ఆ బాణీలో ఎన్ని అక్షరాలు పడతాయో అన్నే రాయాలి. కథలో సందర్భం ఒకటి, పాడే పాత్ర వయస్సు ఒకటి, నిర్మాత తొందర ఒకటి. ఇవన్నీ మోస్తూనే తరగతి గదిలో పాఠం తప్పకుండా చెప్పారు. తీరిక దొరికిన మనిషి చేసిన పని కాదిది. తీరికను తానే కల్పించుకున్న మనిషి చేసిన పని.

ఆ క్రమశిక్షణకు ఇంకొక గుర్తు ఉంది. ప్రతి ఏటా తన పుట్టిన రోజున ఒక కొత్త పుస్తకం వెలువరించడం ఆయనకు అలవాటు. రైతు విత్తే కాలం తప్పనట్లు ఆయన పుస్తకం కాలం తప్పేది కాదు. 'విశ్వంభర' కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. విశ్వనాథ సత్యనారాయణ గారి తర్వాత తెలుగుకు అది రెండవది. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పని చేశారు. 1997లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఎన్ని కుర్చీలు మారినా గజల్ రాసి, తానే రాగం కట్టి, సభలో తానే గొంతెత్తి పాడే అలవాటు మాత్రం పోలేదు. తన నలుగురు కూతుళ్లకు నదుల పేర్లు పెట్టుకున్న ఆ కవి 2017 జూన్ 12న కన్ను మూశారు.

లింగాపురం ఫార్మసిస్టు

"ఆయన పెద్ద చదువు చదివారు, ఆచార్యుడయ్యారు, మా వంటి వాళ్ల మాటేమిటి?" అని మీరు అడగవచ్చు. అందుకే రెండవ మనిషి గురించి చెబుతున్నాను.

గోదావరికి ఇవతల నుండి అవతలికి వెళితే పాత ఆదిలాబాద్ జిల్లాలో దండేపల్లి మండలం, ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో ఉంది. ఆ మండలంలోని లింగాపురంలో 1955లో ఒక దళిత కుటుంబంలో గూడ అంజయ్య పుట్టారు. వృత్తికి ఆయన ఫార్మసిస్టు. దవాఖానకు వచ్చిన వారి చీటీ చూసి మందులిచ్చి, ఏది పొద్దున వేసుకోవాలో ఏది రాత్రి వేసుకోవాలో చెప్పే ఉద్యోగం. మన పల్లెల్లో డాక్టరు కన్న ముందు తెలిసేది ఆ మనిషే.

ఆ అంజయ్య రాసిన 'ఊరు మనదిరా' పాట ఉత్తర తెలంగాణలో వినని పల్లె ఉండదేమో. దొరల గడీల ముందు తల ఎత్తడానికి భయపడే కాలంలో, చెమటోడ్చే వాళ్లదే ఊరు అని అందరికీ అర్థమయ్యే మాటల్లో చెప్పిన పాట అది. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. తర్వాత తెలంగాణ ఉద్యమంలోనూ లక్షల గొంతులు పాడాయి. ఆ పాట వెనుక ఉన్న రాజకీయాలతో ఏకీభవించేవారూ ఉంటారు, ఏకీభవించని వారూ ఉంటారు. అది ఇక్కడ నా విషయం కాదు. మందుల సీసాలు అందించే చేయి అటువంటి పాట రాసిందన్నది నా విషయం.

అంజయ్య రాసిన మరొక పాట ఉంది. సర్కారు దవాఖానకు నేను రానే రానని బిడ్డతో మొరాయించే ఒక పేద మనిషి గోడు అది. వింటుంటే మొదట నవ్వు వస్తుంది, తర్వాత గొంతు పట్టుకుంటుంది. రోగం కన్న దవాఖాన అంటేనే ఎక్కువ భయం ఎందుకో ఆ పాట చెబుతుంది. ఆ భయం ఒక ఫార్మసిస్టుకు పుస్తకాల్లో వెతుక్కోవలసినది కాదు. మందుల కిటికీ దగ్గర వరుసలో నిలబడిన ప్రతి ముఖంలో కనబడుతుంది.

ఇదే నేను మీ ముందు పెట్టదలచిన మాట. కొలువు పాటకు శత్రువు అనుకుంటాం. అన్నివేళలా కాదు. కొన్నిసార్లు కొలువే పాటకు మేత. నలుగురి మధ్య పని చేసే మనిషికి నలుగురి బాధ తెలుస్తుంది. గదిలో తలుపు వేసుకొని కూర్చున్న వాడికి తన బాధ ఒక్కటే తెలుస్తుంది.

అయితే రెండు బరువులు మోయడం తేలిక అని నేను చెప్పను. అంజయ్యకు పేరు వచ్చినంతగా సుఖం రాలేదు. చాలా కాలం అనారోగ్యంతో బాధపడి 2016 జూన్ 21న మరణించారు. పాట రాసిన వాడి పేరు తెలియకుండానే పాటను పాడుకునే లోకం మనది. ఆ తప్పులో మనకూ భాగం ఉంది.

వకీలు, బీమా వ్యాపారి

ఇది మన రెండు జిల్లాల ముచ్చటే కాదు. 1978లో వచ్చిన 'కరుణామయుడు' సినిమా చూడని క్రైస్తవ కుటుంబం అప్పట్లో అరుదు. ఊరూరా తెర కట్టి చూపించారు. సిలువ మోసే ఘట్టంలో వచ్చే కరుణరథం పాటకు కన్నీళ్లు పెట్టని తల్లి లేదు. ఆ పాట రాసిన మోదుకూరి జాన్సన్ గారు వృత్తికి న్యాయవాది. నల్లకోటు వేసుకొని వాదించిన మనిషే నాటకాలు రాశారు, ఆ పాటా రాశారు.

సముద్రాల అవతల అమెరికాలో చార్లెస్ ఐవ్స్ అనే సంగీతకర్త ఉండేవాడు. 1874లో పుట్టాడు. తండ్రి బ్యాండు మాస్టరు. ఐవ్స్ యౌవనంలో చర్చిలో ఆర్గాన్ వాయించాడు. తర్వాత న్యూయార్కులో జీవిత బీమా వ్యాపారంలో చేరి, సహచరునితో కలిసి పెద్ద ఏజెన్సీ నడిపాడు. పగలు బీమా, రాత్రీ సెలవు రోజుల్లో సంగీతం. చిన్నప్పుడు ఉజ్జీవ కూటాల్లో విన్న కీర్తనల రాగాలను తీసుకొని ఆయన తన మూడవ సింఫనీ కట్టాడు. దాన్ని మొదటిసారి వాయించింది 1946లో! అప్పటికి రాసి ముప్పయి ఏళ్లు దాటింది. మరుసటి ఏడు 1947లో దానికి ఆ దేశపు పెద్ద బహుమానమైన పులిట్జర్ వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు డెబ్బయి దాటింది. ఆ బహుమానపు సొమ్మునూ ఇతరులకు ఇచ్చివేశాడు. ఎవరూ వినని ముప్పయి ఏళ్లలో ఆ ఇంటి పొయ్యి వెలిగించింది బీమా కొలువే. కొలువు ఉన్నందున ఎవరి మెప్పు కొరకూ తన రాగాన్ని మార్చుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు.

పాటను పని నుండి విడదీసిందెవరు?

కొంచెం వెనక్కి చూస్తే మన పల్లెల్లో పాట, పని ఎప్పుడూ విడివిడిగా లేవు. నాటు వేసే ఆడవాళ్ల వరుస పాటతోనే కదిలేది. ఇసుర్రాయి తిరిగితే పాట తిరిగేది. మోట కొట్టే వాడు ఎద్దులకు పాట వినిపించేవాడు. బతుకమ్మ చుట్టూ తిరిగే అక్కచెల్లెండ్లలో పాట కట్టి అందించే పెద్దమ్మ తెల్లవారితే కైకిలికి పోయే మనిషే. జంగం వారు, ఒగ్గు కథ చెప్పేవారు మాత్రం పాటతోనే బతికారు. మిగతా ఊరంతా పని చేస్తూ పాడింది, పాడుతూ పని చేసింది.

మన పరిశుద్ధ గ్రంథంలోనూ అంతే కదా. దావీదు గొర్రెలు కాస్తూ సితారా వాయించాడు. పౌలు డేరాలు కుట్టి తన చేతులతో సంపాదించుకున్నాడు. కొలువు చేసినంత మాత్రాన వారి తలాంతు తగ్గిపోలేదు.

కాని ఇంకొక సంగతి కూడా ఆ గ్రంథంలో రాసి ఉంది. దాన్ని మనం ఎక్కువగా చదవము. నెహెమ్యా కొంతకాలం యెరూషలేములో లేనప్పుడు మందిరంలో పాడేవారికి రావలసిన భాగము ఎవరూ ఇయ్యలేదు. వాళ్లు ఏం చేశారు? ఎవరి పొలానికి వారు వెళ్లిపోయారు (నెహెమ్యా 13:10). నెహెమ్యా తిరిగి వచ్చి పాడేవారిని మందలించలేదు, అధికారులను మందలించాడు. కొలువు చేసుకుంటూ పాడటం ఒకటి. ఎవరూ పట్టించుకోక పాట మానివేసి పొలానికి పోవడం ఇంకొకటి. మొదటిది దీవెన, రెండవది సంఘము మీద నేరం.

మూడు మాటలు

తల్లిదండ్రులతో ఒక మాట. మీ బిడ్డ చదువు గురించి మీరు భయపడండి, తప్పు లేదు. కాని పుస్తకం చింపకండి. లెక్కలకు ఒక పుస్తకం, పాటలకు ఒక పుస్తకం కొనివ్వండి. రెండవ పుస్తకం ధర ఇరవై ముప్పయి రూపాయలు. మొదటి దాంట్లో పని పూర్తయ్యాకే రెండవది తెరవాలని షరతు పెట్టండి. హనుమాజీపేట బిడ్డ చదువు, పాట రెండూ గట్టెక్కాయి గదా.

యౌవనస్థులతో ఒక మాట. చదువు మానితే పాట పెరుగుతుందని మోసపోకండి. ఆకలి మీద ఉన్న వాడు ఎవరు పైసలిస్తే వారి కొరకు రాయవలసి వస్తుంది. ఐటిఐ చేయండి, ఫార్మసీ చేయండి, వ్యవసాయమే చేయండి; చేతిలో ఒక పని పెట్టుకోండి. రోజుకు ఒక గంట పాటకు కేటాయించండి. ప్రతి పాట కింద మీ పేరు, తేదీ రాసి పెట్టండి. మన సంఘాల్లో పాడుకునే కీర్తనల్లో ఎవరు రాశారో తెలియకుండా పోయినవి ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు ఫోనులో రికార్డు చేసి ఊరంతా పంపడం తేలిక. ఆ పంపే తొందరలో రాసిన వాడి పేరు జారిపోవడం ఇంకా తేలిక.

సంఘపెద్దలతో ఒక మాట. పండుగకు లౌడు స్పీకర్లకు, సీరియల్ లైట్లకు వేలు ఖర్చు పెడతాం. మన సంఘంలోనే పాట కట్టే కూలివాడు, కుట్టుమిషను దగ్గర కూర్చొని రాగం తీసే చెల్లెలు ఉన్నారా అని ఎప్పుడైనా వెతికామా? ఏడాదికి ఒకసారి వారి పాటలు నాలుగు ఎంచి చిన్న పుస్తకంగా అచ్చు వేయించండి. సాధన చేసుకోవడానికి వారానికి ఒక సాయంకాలం మందిరం తలుపులు తెరిచి ఉంచండి. కైకిలి పోగొట్టుకొని సంఘానికి పాట నేర్పడానికి వస్తే ఆ రోజు కూలి అయినా ఇవ్వండి. వట్టి చప్పట్లతో ఎవరి పొయ్యీ వెలగదు.

మళ్లీ ఆ ఇంటికి

కొన్ని వారాల తర్వాత నేను మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఈ ఇద్దరి సంగతులూ తండ్రీకొడుకులకు కూర్చోబెట్టి చెప్పాను. అంజయ్య పేరు వినగానే తండ్రి తల ఎత్తాడు. "గా పాట మేము చిన్నప్పుడు పాడినం అయ్యగారూ. గాయన మందులిచ్చేటాయనా?" అన్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి పోయి, చినిగిన ఆ నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. తల్లి బీడీ కట్టలకు చుట్టే దారంతో దాన్ని కుట్టింది. కుట్టు వంకరగా ఉంది గాని ఆకులన్నీ ఉన్నాయి.

పిల్లవాడు తప్పిన పరీక్షకు మళ్లీ ఫీజు కట్టాడు. ఫలితం ఇంకా రాలేదు. కాని ఈసారి మా సంఘంలో కోతల పండుగకు ఒక కొత్త పాట పాడించాము. కింద అతని పేరు, తేదీ ఉన్నాయి. తండ్రి వెనుక వరుసలో నిలబడి, పెదవులు కదిపాడు. పాట అంతా ఆయనకు నోటికి వచ్చినట్లే ఉంది.

మీ ఇంట్లోనూ అటువంటి పుస్తకం ఒకటి ఉన్నదేమో, ఈ రాత్రి ఒకసారి వెతికి చూడండి.